ఊపిరున్న శ్రోత

ఆ గాజుగదిలో చప్పుడు ఆగకూడదు. ఆగిందా... చచ్చినావిడ మాట్లాడుతుంది.

ఈ సంగతి మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మూడంతస్తుల మేడ అది. కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు. మధ్య అంతస్తులో ఎప్పుడో మూసేసిన కళ్లజోళ్ల దుకాణం. దాని తలుపు మీద ఇంతింత రెండు కళ్ల బొమ్మ — మనం మెట్లెక్కుతుంటే ఆ కళ్లు మనతోపాటే పైకి తిరుగుతాయి. ఒట్టు. ఒకసారి రెప్ప కూడా కొట్టాయి.

ఆపైన, అన్నిటికంటే పైన, మా కమ్యూనిటీ రేడియో. జనమే చందాలు వేసుకుని పెట్టుకున్నది, జనమే నడుపుకునేది. మెట్లు ఎన్నని అడక్కండి. వెయ్యికి తక్కువుండవు. మెట్ల దగ్గర ఒక లైటు ఉంది. మీట నొక్కితే వెలుగుతుంది, మనిషి సరిగ్గా ఆ కళ్ల బొమ్మ ముందుకు రాగానే దానంతటదే ఆరిపోతుంది.

చచ్చినావిడ ఎవరంటారా? స్టేషన్ మొదలుపెట్టిన రోజుల్లో మొట్టమొదటి అనౌన్సర్. అందరూ పెద్దక్క అనేవారు. ఆవిడ గొంతు గొంతా! తేనె. ఆవిడ పొద్దున్నే "నమస్కారం" అంటే పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్లాలు రాజీపడేవారు, గుక్కపట్టిన పిల్లలు ఊరుకునేవారు, పొంగబోతున్న పాలు ఆగి వినేవి. అందం సంగతి సరేసరి. రేడియో కాబట్టి ఎవరూ చూడలేదు గానీ, చూసుంటే తట్టుకునేవారు కాదు.

అంతటి మనిషి ఒకరోజు రావడం మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు. అడక్కుండానే చంపేశారు!

మైకులోంచి పిడుగు దూసుకొచ్చి పోయిందని కొందరు. మెట్ల మీంచి జారి పోయిందని కొందరు. కాదు కాదు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందని, రెండు రోజులు ఎవరూ గమనించలేదని ఇంకొందరు.

ఆ తర్వాత కొన్నాళ్లకు జరిగిందట అసలు సంగతి. తోటపని గురించి చెప్పే ఒక పెద్దాయన, వంకాయ మొక్కకు పట్టే పురుగు గురించి చెబుతూ చెబుతూ... మైకు ముందే నిద్రపోయాడు. గదిలో చప్పుడు లేదు. గాలిలో చప్పుడు లేదు. ఊళ్లో రేడియోలన్నీ నోళ్లు మూసుకున్నాయి.

అప్పుడు... గోడలోంచి... ఆ తేనె గొంతు.

"వింటున్నారా...? నేనిక్కడే ఉన్నాను... ఎక్కడికీ వెళ్లకండి... వచ్చేస్తున్నాను..."

పెద్దాయన వెయ్యి మెట్లూ ఒక్క గెంతులో దిగాడు. ఆ రోజు నిలబడిన జుట్టు మళ్లీ పడుకోలేదు. దువ్వెన కొనడమే మానేశాడు పాపం.

అప్పట్నించీ ఆ గదిలో ఎవరూ చప్పుడు ఆపరు. వార్తలు చదివే మాస్టారు పేజీ తిప్పేటప్పుడు ఈల వేస్తాడు. డాక్టరు గారు ఊపిరి పీల్చుకోవాలంటే పక్కన కాంపౌండరు గంట కొట్టాలి. కొత్తవాళ్లెవరొచ్చినా మొదట నేర్పేది ఇదే — మాట తోచకపోతే దగ్గు, దగ్గు రాకపోతే బల్ల కొట్టు, ఏం చేసినా సరే, ఖాళీ మాత్రం వదలకు.

అలాంటి చోటికి వచ్చింది మా గోలపిల్ల.

పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. తెల్లవారకముందే, కుక్కలు కూడా లేవకముందే, స్టేషన్‌కొచ్చి "పొద్దుటి గోల" అని ఒక కార్యక్రమం నడుపుతుంది. ఇప్పుడు నేను చెబుతున్నదంతా ఆ పిల్ల నోట విన్నదే. దానికి నేను ఒక్క ముక్క కలపను. నా సంగతి మీకు తెలుసు కదా.

ఆ కార్యక్రమంలో వచ్చేవి మామూలు పాటలు కావు. ఇద్దరు అక్కాచెల్లెళ్లు స్టీలు బకెట్లలో తలలు దూర్చి పాడతారు. ఒక బస్సు కండక్టరు విరిగిన గొడుగు ఊచలకు తీగలు బిగించి వాయిస్తాడు. ఇంకొకాయన రాత్రంతా ఫ్రిజ్ పక్కన పడుకుని దాని గుర్రు రికార్డు చేసి, దాని మీద వేణువు ఊది పంపించాడు. విన్నవాళ్లకు వేసవిలో కూడా చలేసింది. ఏ కంపెనీకీ అక్కర్లేని పాటలు. ఇంట్లోవాళ్లు తిడతారని దుప్పటి ముసుగేసుకుని, నోరు సగమే తెరిచి పాడుకున్న పాటలు. వాటికి ఈ లోకంలో ఉన్న చోటు ఆ గాజుగదిలోని ఒక్క గంట.

వినేవాళ్లు? అదే కదా గొడవ. ఇన్నాళ్లలో ఒక్కసారే ఫోను మోగింది. "అమ్మాయ్, మా రేడియో పాడైందా, మీ స్టేషన్ పాడైందా?" అని అడిగి పెట్టేశారు.

కమిటీ అధ్యక్షుడికి ఒక బావమరిది ఉన్నాడు. జుట్టు రాలకుండా ఉండడానికి చిట్కాలు చెబుతానని ఆ గంట కోసం కాచుక్కూర్చున్నాడు. అతని నెత్తి మీద, నా మాట నమ్మండి, ఒక్క వెంట్రుక లేదు.

అధ్యక్షుడు పిలిచి అడిగాడట. "ఇది సంగీతమా అమ్మాయ్? మా ఇంట్లో గ్రైండరుకు జ్వరమొస్తే ఇలాగే మూలుగుతుంది."

"ఈసారి జ్వరమొచ్చినప్పుడు కబురు పెట్టండి సార్. మైకు పట్టుకొస్తాను."

"హాస్యాలొద్దు. శనివారం దాకా చూస్తా. ఒక్క శ్రోత. బావుందని ఒక్కడు చెప్పాలి. మీ అమ్మా నాన్నా లెక్కలోకి రారు. ఆ బకెట్లవాళ్లూ రారు. ఎవరో ఒకరు, బయటివాళ్లు, ఊపిరున్న శ్రోత కావాలి నాకు. లేదా, సోమవారం నుంచి మావాడే."

పిల్ల ఇంటికెళ్లి ఇస్త్రీపెట్టె ముందు ఏడ్చిందట. కన్నీళ్లు పడి చొక్కాలన్నీ వాటంతటవే మడతల్లేకుండా సాపయ్యాయి.

శుక్రవారం వచ్చింది. బయట కటిక చీకటి. గదిలో ఇద్దరే ఉన్నారు. గోలపిల్ల, యాంటెన్నా మామయ్య. అంటే అక్కడి తీగలూ మీటలూ చూసుకునే మనిషి. మేడ మీది యాంటెన్నా మీద కాకి వాలినా ఆయనకు ఒళ్లు జలదరిస్తుంది.

"మామయ్యా..." గుసగుసగా అంది పిల్ల. "ఇవాళ వేసే దాంట్లో... మధ్యలో చప్పుడుండదు."

"ఉండకపోతే?"

"ఉండదంతే. ఒక నర్సు పంపించింది. రాత్రి డ్యూటీ అయి ఇంటికొచ్చి, పడుకున్న ఇంటిని రికార్డు చేసింది. మొదట తలుపు చప్పుడు. పిల్లవాడి ఊపిరి. తర్వాత... చాలాసేపు ఏమీ ఉండదు. చివర్లో వంటింట్లో చెంచా పడుతుంది. ఎంత బావుంటుందో!"

"ఆ చాలాసేపూ నువ్వు దగ్గుతూ ఉండు తల్లీ, నీ పుణ్యముంటుంది."

"దగ్గితే వాళ్లింట్లో అందరికీ మెలకువొచ్చేస్తుంది మామయ్యా."

వింటుందా? వినదు. మీట పైకి తోసింది. ఎర్రలైటు వెలిగింది.

తలుపు మూసుకున్న చప్పుడు... చిన్న ఊపిరి... ఇంకా చిన్న ఊపిరి...

ఆ తర్వాత ఏమీ లేదు.

చప్పుడు మారుమోగకుండా గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి ఉంటాయి కదా ఆ గదిలో — ఆ గుంటలన్నీ చెవుల్లా తెరుచుకుని వింటున్నట్టు ఉందట. మామయ్య తాళాల గుత్తి ఎత్తాడు ఊపుదామని. పిల్ల ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. గడియారం ముల్లు కూడా కదలడానికి జంకుతోంది...

"వింటున్నారా...?"

పిల్ల పెదవి కదల్లేదు. మామయ్య నోరు తెరిచే ఉంది గానీ అందులోంచి గాలి కూడా రావట్లేదు.

"నేనిక్కడే ఉన్నాను... ఎక్కడికీ వెళ్లకండి..."

గోడలోంచే. ఆ మూల గుడ్ల అట్టల వెనక నుంచే. తేనె గొంతు, కాస్త సాగదీసినట్టు... నిద్రలోంచి లేచిన మనిషి మాట్లాడినట్టు.

"వచ్చేస్తున్నాను..."

మామయ్య కుర్చీతో సహా పారిపోయాడు. కుర్చీ ఇప్పటికీ దొరకలేదు.

పిల్ల మాత్రం కదల్లేదు. ధైర్యం ఉండి కాదట, కాళ్లు లేక. చెంచా పడేదాకా, కన్నీళ్లు కారుస్తూ కూర్చుంది. పాట మధ్యలో ఆపేస్తే ఆ నర్సు ఏమనుకుంటుంది?

ఇక శనివారం. ఆఖరి రోజు. ఇంకా చీకటిగానే ఉంది. అధ్యక్షుడూ, బావమరిదీ ముందే వచ్చి కూర్చున్నారు. బావమరిది కొత్త చొక్కా వేసుకుని, బోడిగుండుకు నూనె రాసుకుని, గది నిగనిగలాడేట్టు వచ్చాడు. మామయ్య రానని భీష్మించుకుంటే అధ్యక్షుడే ఇంటికెళ్లి లాక్కొచ్చాడు. "దెయ్యమా, గాడిదగుడ్డా? నీకు నిద్ర చాలట్లేదు" అన్నాడట.

పిల్ల మైకు దగ్గరకు జరిగింది.

"ఇది... ఆఖరి 'పొద్దుటి గోల' అవుతుందేమో. ఎక్కడైనా ఎవరైనా వింటుంటే... ఒక్కళ్లైనా సరే... బావుందని ఒక్క మాట చెప్పండి. మీ ఇష్టం. చెప్పకపోయినా పాట వేస్తాను."

బకెట్ల అక్కాచెల్లెళ్ల పాట వేసింది. ఫోను మోగలేదు.

కండక్టరు గొడుగు వేసింది. ఫోను మోగలేదు.

ఫ్రిజ్ వేసింది. బావమరిది ఆవలించి తన చిట్కాల కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు... ట్రింగ్.

ఆ పాత నల్లఫోను. ఎన్నాళ్లుగానో మోగక మోగక గొంతు పట్టేసినట్టుంది దానికి. ట్రిం... గ్.

పిల్ల దాని మీద పడింది. "హలో! పొద్దుటి గోల!"

అవతల ఏమీ లేదు. సముద్రం అడుగున ఉన్నంత నిశ్శబ్దం. ఆ తర్వాత...

"వింటున్నాను..."

ఫోనులో. తేనె గొంతు. నిన్న గోడలో విన్న గొంతే.

"చాలా బావుందమ్మాయ్... ఎక్కడికీ వెళ్లకు... వచ్చేస్తున్నాను..."

ఫోను చేతిలోంచి జారి తీగకు వేలాడింది.

"ఎవరు?" అన్నాడు అధ్యక్షుడు.

"పె... పెద్దక్క."

"ఏమంటోంది?"

"బావుందంటోంది సార్. మన దగ్గరికే వస్తోందట."

అధ్యక్షుడి మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా కమిటీ మనిషి కదా, పట్టు వదల్లేదు. "అది... అది లెక్కలోకి రాదు. ఊపిరున్న శ్రోత అన్నాను."

"బావా, ఇంటికి పోదాం బావా."

"ఎలా పోతాం రా? ఆవిడ మెట్లెక్కి వస్తుంటే ఎదురుపడమా?"

మాట పూర్తి కాలేదు.

కింద ఎక్కడో... టక్.

ఆగింది.

టక్... సర్ర్... టక్...

ఏదో మెట్టుకు తగిలినట్టు, తర్వాత ఏదో ఈడ్చినట్టు. మళ్లీ టక్. మధ్య మధ్యలో ఒక మూలుగు — హుఁ... హుఁ... హ్హా... కొలిమి తిత్తిలా.

మామయ్య మెట్ల లైటు చూశాడు గాజులోంచి. వెలుగుతోంది. "లైటుంటే దెయ్యం రాదు" అన్నాడు. అన్నాడో లేదో లైటు ఆరిపోయింది.

అధ్యక్షుడు బల్ల కిందికి దూరాడు. అక్కడ అప్పటికే బావమరిది ఉన్నాడు. మామయ్య తీగల బీరువాలో దూరి లోపల్నుంచి తలుపు పట్టుకున్నాడు.

గోలపిల్ల ఏం చేసిందో తెలుసా? ఇది నేను పెంచి చెబుతున్నాననుకుంటారు మీరు. బల్ల మీది మైకు పీకింది. తీగ ఎంత సాగితే అంత సాగదీసింది. గాజుగది తలుపు తీసి, చీకట్లోకి, ఆ మెట్ల వైపు పట్టుకుంది!

"ఏం చేస్తున్నావే!" బల్ల కింద నుంచి గుసగుస.

"ఉష్... ఇంత మంచి చప్పుడు మళ్లీ దొరకదు సార్."

పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయట పిల్లకు. అవి కూడా మైకులో పడుతున్నాయని సంతోషించింది. టక్... సర్ర్... హుఁ... హ్హా... ఊరు ఊరంతా ఆ చప్పుడే. రేడియో పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నట్టే బిగుసుకుపోయారు. పెట్టుకోనివాళ్లను పక్కింటివాళ్లు తలుపులు బాది లేపారు.

కళ్లజోళ్ల దుకాణం దాటింది.

ఆఖరి మలుపు.

టక్...

ఎముకల చెయ్యి ఒకటి చీకట్లోంచి వచ్చి తలుపు పట్టుకుంది. తెల్లటి జుట్టు విరబోసుకుని, కళ్లు పెద్దవి చేసి, నోరు తెరుచుకుని, గుమ్మంలో నిలబడింది...

నేను.

మరెవరనుకున్నారు? నేనే పెద్దక్కను! చచ్చానని మీకెవరు చెప్పారు? మోకాళ్లు పట్టేసి మానేశానర్రా! వెయ్యి మెట్లెక్కలేక మానేశాను. వెనక సందులోనే ఉంటున్నాను ఇన్నేళ్లూ. నన్ను రోజూ మామ్మా మామ్మా అంటూనే నా చావు కథ నాకే చెబుతారు. గొంతు తెలిసినవాళ్లకు మొహం తెలీదు. మొహం తెలిసినవాళ్లకు ఈ గొంతు బొంగురుపోయాక తెలిసింది. పిడుగుతో చంపినవాళ్ల మీద నాకు కోపం లేదు, అందులో కాస్త దర్జా ఉంది. మెట్ల మీంచి జారి పోయానన్నవాళ్లు మాత్రం కనిపిస్తే నా చేతికర్ర ఊరుకోదు.

రోజూ వింటానమ్మా ఆ గోల! బకెట్ల పాట వస్తే నా చెంబు పట్టుకుని నేనూ పాడతాను. ఆ పిల్ల ఇది ఆఖరి రోజని ఏడుపు గొంతుతో అంటే ఎలా కూర్చుంటాను? జుట్టు ముడేసుకునే తీరిక కూడా లేకుండా కర్ర పట్టుకుని బయల్దేరాను.

ఇదంతా అప్పుడు చెప్పలేదు లెండి. చెబుదామంటే ఊపిరాడితేగా!

బల్ల కింద నుంచి సన్నగా వినిపించింది. "ఊ... ఊపిరుందా?"

పిల్ల చేతిలో మైకు లాక్కున్నాను. దానికి నోరు ఆనించి వదిలాను — హుఁ... హ్హా... హుఁ... హ్హా... ఇదిగో ఊపిరి, ఎంత కావాలంటే అంత, కమిటీ అంతటికీ సరిపోయేంత! ఊళ్లో కిటికీ తెరలు రెపరెపలాడాయట.

"మామ్మా... మీరు విన్నారా? రోజూ?" అంది పిల్ల.

తల ఊపాను. పిల్ల నన్ను వాటేసుకుంది. నేను కుర్చీలో కూలబడ్డాను. ఒక్కొక్కళ్లే బయటికొచ్చారు. అధ్యక్షుడు మోకాళ్ల దుమ్ము దులుపుకుని, "సరే... సోమవారం కూడా నువ్వే అమ్మాయ్" అన్నాడు. ఎవరికీ ఇంకో మాట తోచలేదు. అందరం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం.

గదిలో చప్పుడు లేదు...

"వింటున్నారా...?"

నా నోరు మూసే ఉంది!

మామయ్య మళ్లీ బీరువాలోకి. బావమరిది బల్ల కిందికి. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ ఒక కేక పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. లేచి, ఆ మూల గుడ్ల అట్ట పీకాను. వెనకాల గోడలో ఇంత పెట్టె, అందులో టేపు తిరుగుతోంది.

నేను పెట్టించిందే. అప్పట్లో ప్రసారం మాటిమాటికీ పడిపోయేది. గాలిలో చప్పుడు ఆగితే స్టేషన్ మూతపడిందనుకుని జనం రేడియోలు కట్టేసేవారు. అందుకని చప్పుడు ఆగగానే దానంతటదే పలికేట్టు నా మాటలు టేపు చేయించి పెట్టాను. వెళ్లకండి, ఇక్కడే ఉన్నాను, వచ్చేస్తున్నాను అని. తర్వాతెవరో దాని మీద అట్టలు అంటించేశారు. ఇన్నేళ్లూ ఎవరూ చప్పుడు ఆపే ధైర్యం చెయ్యలేదు, దాని గుట్టూ బయటపడలేదు.

మామయ్య బీరువాలోంచే అన్నాడు. "ఇంతేనా?"

"ఇంతేరా."

ఏం నవ్వులు, ఏం నవ్వులు! అధ్యక్షుడు నవ్వి నవ్వి కుర్చీ పట్టుకున్నాడు. బావమరిది నవ్వుకు తల మీది నూనె చిందింది. పిల్ల ఆ నవ్వులన్నీ మైకులో పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద ఒక్కటేసింది.

"అంతా బావుంది గానీ మామ్మా... ఫోనులో అంతలా భయపెట్టాలా నన్ను?"

"ఏ ఫోను?"

"అదే, ఇందాక. చాలా బావుందమ్మాయ్ అని..."

"నా ఫోను నీళ్ల బకెట్లో పడి చచ్చి వారమైందే. ఫోనే ఉంటే ఈ మోకాళ్లతో ఇన్ని మెట్లెందుకెక్కుతాను?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

పిల్ల నన్నే చూస్తోంది. "అవును..." అంది మెల్లగా. "మీ గొంతు బొంగురుగా ఉంది. ఆ గొంతు... తేనెలా ఉంది."

తీగకు వేలాడుతున్న ఫోనును మామయ్య రెండు వేళ్లతో ఎత్తి, దాని చోట దాన్ని పెట్టాడు. పెట్టి చెయ్యి తీశాడో లేదో —

ట్రిం... గ్.

ఎవరూ కదల్లేదు. అధ్యక్షుడు నన్ను చూశాడు. నేను పిల్లను చూశాను. బయట అప్పుడప్పుడే తెల్లవారుతోంది. కిందెవరో సైకిల్ కొట్టు తలుపు తీస్తున్నారు.

ట్రిం... గ్.

"తియ్యవే పిల్లా" అన్నాను. "పాపం, ఊపిరి ఉంటేనేం, లేకపోతేనేం... శ్రోత శ్రోతే కదా."